ముప్పై బల్బులు, నూట డెబ్బై ఆంపియర్లు

కుర్రతనంలో నాకు రాని లెక్కంటూ ఉండేది కాదు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు, హెచ్చవేస్తే పవరు; ఐటీఐ నుంచి అప్పుడే బయటికొచ్చిన నాకు ప్రపంచంలో ఇంతకు మించి తెలుసుకోవలసిందేమీ కనబడలేదు. (ఆ వారం డైరీలో ఈ మాటే రాసుకున్నాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.)

నర్సీపట్నంలో పెళ్ళిళ్ళకు లైట్లు, జనరేటరు అద్దెకిచ్చే షాపులో చేరాను. యజమానిని అందరూ లైట్ల బాబాయ్ అనేవారు. ఆయన పెద్దగా చదువుకోలేదు, వైరు మీద చెయ్యి వేసి, వేడిని బట్టి లోడెంతో చెప్పేవాడు. నన్ను ఒక్క పెళ్ళికి చూసి, ఉంచుకోవాలో వద్దో తేలుస్తానన్నాడు. ఆ పెళ్ళి కోటవురట్ల దగ్గర ఒక చెరకు రైతు ఇంట్లో.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ బాబాయ్ బల్బులు ఒకసారి చూడమన్నాడు. పాడైనవి ఏరమని ఆయన ఉద్దేశం. నేను మీటరు పట్టుకుని, వందవాట్ల బల్బులు ముప్పైంటినీ ఒక్కొక్కటే కొలిచాను. ప్రతిదీ సుమారు నలభై ఓములు. రెండువందల ముప్పై వోల్టులను నలభైతో భాగిస్తే అయిదుముప్పావు ఆంపియర్లు. అంటే పదమూడువందల వాట్ల పైమాటే. బల్బు మీదేమో వంద అని అచ్చు. మీటరులో బ్యాటరీ మార్చి మళ్ళీ కొలిచాను. మళ్ళీ నలభై. అచ్చు తప్పా, మీటరు తప్పా, సూత్రమే తప్పా అని తలపట్టుకున్నాను. (తప్పు నాదేమోనన్న ఆలోచన మాత్రం రాలేదు.) మొత్తం ముప్పైకి నూట డెబ్బై ఆంపియర్లు! మా జనరేటరు ఇరవై ఇస్తే గొప్ప. పందిరి అంటుకుంటుందని వెళ్ళి పెళ్ళికూతురి తండ్రికి చెప్పేశాను. ఆయన హడలిపోయి బల్బులు విప్పించడం మొదలుపెట్టాడు, పెట్రోమాక్స్ లైట్లకు మనిషిని పంపబోయాడు.

అంతలో బాబాయ్ వచ్చాడు. నేను లెక్క వేసిన కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు, తలకిందులుగా.

పెళ్ళికూతురి తండ్రి ఆయన్నే నిలదీశాడు. "నువ్వు సెయ్యేసి సెప్తావు, ఈడు కాగితమ్మీద సెప్తన్నాడు. ఎవులి మాట ఇనాలి?"

నా ఉద్యోగంతో పాటు ఆయన పేరు కూడా పోయేలా ఉంది. బాబాయ్ విప్పిన బల్బులన్నీ తిరిగి బిగించాడు. నన్ను పందిరి అవతల నిలబడమని, జనరేటరు వేశాడు. అన్నీ వెలిగాయి. జనరేటరు మీది మీటరులో ముల్లు పదమూడు ఆంపియర్ల దగ్గర ఆగింది. ఇరుక్కుందేమోనని పరిగెత్తి అద్దం మీద కొట్టాను. కదల్లేదు. బాబాయ్ వైరు పట్టుకుని, "సల్లగుంది," అన్నాడు.

పదమూడు ఆంపియర్లంటే మూడువేల వాట్లు, బల్బుకు వంద. ఆ వందా నిజమే, నా నలభై ఓములూ నిజమే. రెండూ ఎలా నిజమవుతాయో బోధపడలేదు. తిరుగుదారిలో, రేపట్నుంచి మానెయ్యనా అని అడిగాను.

"రేపు బేగి వొచ్చీ," అన్నాడు బాబాయ్. "ఈసారి లెక్క నాకు సెప్పు. పెళ్ళోరికి కాదు."

బల్బులోని తీగ వేడెక్కి తెల్లగా వెలిగేటప్పుడు దాని రెసిస్టెన్సు పదింతలకు పైగా పెరుగుతుందని ఎన్నో ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. చదివిన రోజే బాబాయ్ ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన షాపు మానేశాడు.

"అంటే సల్లగున్నప్పుడు కొలిసీసి, ఎలిగినప్పటి సంగతి సెప్పీసినావు," అన్నాడు, అంతా విని.

"అవునండీ."

"ఇన్నేళ్ళూ దీనికోసమే బుర్ర పాడుసేసుకున్నావేటి?"

తలూపాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆనాటి బాబాయ్ వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఇప్పుడు తెలిసిన సంగతి చెప్పడానికి కూడా రెండుసార్లు తటపటాయిస్తాను. తప్పుడు మాటను అంత ధీమాగా చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఎందుకో కాస్త అసూయ.