ఇంగ్లీషు పాటల మధ్య నా గొంతు

నన్ను జీవితంలో నిలువునా వణికించింది పులీ కాదు, పోలీసూ కాదు. అరచేతంత క్యాసెట్టు. ఆ పూట నా చొక్కా తడిసింది ఎండకని మీరనుకుంటే పొరపాటు, మాచర్ల ఎండకు కూడా అంత శక్తి లేదు.

ఎనభైల్లో మాట. మాచర్ల దగ్గర నాపరాయి క్వారీలో కోత మిషన్ మీద పనిచేసేవాణ్ణి. అప్పటికి నాకు అక్షరాలంటే చీమల బారు. మా యజమాని పిచ్చయ్య గారు కొత్తగా టేప్ రికార్డర్ కొన్నారు. లోకమంతా ఊగిపోతున్న ఒక ఇంగ్లీషు పాప్ గాయకుడి హిట్ పాటల ఆల్బం మొత్తం గుంటూరులో ఖాళీ క్యాసెట్టు మీదకు ఎక్కించుకొచ్చారు. నరసరావుపేట నుంచి కొత్త వియ్యంకుడు వస్తున్నాడు. ఆయన ముందు గొప్ప చూపించాలి.

పెట్టెను క్వారీ షెడ్డులో ఉంచి, వియ్యంకుణ్ణి తీసుకురావడానికి జీపెక్కుతూ, "ఎవడన్నా ముట్టుకున్నాడా, చేతులు విరగ్గొడతా" అన్నారు.

అట్లా చెబితే ముట్టుకోకుండా ఎవరుంటారు?

"ఒరేయ్ సుబ్బా, ఒక పాట వెయ్యరా" అన్నాడు నా జోడీ కోటయ్య.

మా కోత మిషన్ రెండు మీటలు కలిపి నొక్కితేనే కదులుతుంది. రెండు చేతులూ రంపానికి దూరంగా ఉండాలని ఆ ఏర్పాటు. మిషన్లన్నిటికీ ఇదే ధర్మమనుకుని ఎర్ర మీటా, దాని పక్క మీటా కలిపి నొక్కాను. చక్రాలు తిరిగాయి. పాట రాలేదు.

"పాడడేందిరా?"

"దొర గదా, గొంతు సవరించుకుంటా ఉండాడేమో."

ఊరికే కూర్చోలేక నేను పిచ్చయ్య గారి గొంతు అందుకున్నాను. "ఒరేయ్, మంచినీళ్ళు తాగటానికి ఇంతసేపా? ఒంటె నయంరా మీకంటే." తరువాత నా సొంత గొంతుతో, "ఇక్కడ పులి. ఇంట్లో అమ్మగారు దగ్గితే మంచం కింద దూరతాడు" అన్నాను.

కోటయ్య పడీపడీ నవ్వి, "ఈసారి ఒక మీటే నొక్కి చూడరా" అంటూ చక్రం వెనక్కి తిప్పాడు. నొక్కాను. పెట్టెలోంచి నా గొంతుతోనే ఒంటె వచ్చింది, వెనకే మంచం వచ్చింది. ఎర్ర మీట పాట పాడించేది కాదు, పాట చెరిపి మన మాట ఎక్కించేదట.

"చచ్చాం రా" అన్నాడు కోటయ్య.

"చచ్చాం కాదు, చచ్చాను. గొంతు నాది."

అంతలో వియ్యంకుడితో పిచ్చయ్య గారి జీపు వచ్చి ఆగింది. ఆ పెట్టెను నా నెత్తిమీదే పెట్టించి ఇంటికి మోయించారు. శవాన్ని శవమే మోసినట్టు నడిచాను.

వరండాలో పాటలు మొదలయ్యాయి. కరెంటు పోవాలని దేవుళ్ళందరికీ మొక్కాను. పెట్టె సెల్లులతో నడుస్తుందని తరువాత గుర్తొచ్చింది. రెండో పాట మధ్యలో దొర ఆగిపోయాడు. ఒంటె వచ్చింది. మంచం వచ్చింది. పిచ్చయ్య గారి చూపు నామీద దిగింది. నేను స్తంభం చాటుకు జరిగాను.

వియ్యంకుడు కాఫీ గ్లాసు దించాడు. "ఇందాకటి నుంచి ఒక్క ముక్క అర్థమై చావలేదు బావగారూ. ఈ పాట బాగుంది. మళ్ళీ వెయ్యండి."

గుమ్మంలోంచి అమ్మగారు అన్నారు: "వెయ్యండి. ఎవరో గానీ ఉన్నమాటే పాడాడు."

పిచ్చయ్య గారు పళ్ళు కొరుకుతూ నవ్వి, మళ్ళీ వేశారు. వియ్యంకుడు వచ్చినప్పుడల్లా అదే పాట అడిగేవాడు, పాడినవాణ్ణీ పిలిపించమనేవాడు కాబట్టి నన్ను పనిలోంచి తీయలేకపోయారు.

ఆ రోజే ఒట్టేసుకున్నాను, ఇక ఎవరినీ చాటున తిట్టనని, తిట్టేదేదో మొహం మీదే తిడతానని. ఆ ఒట్టు తప్పలేదు. అందుకే తరువాత ఏ క్వారీలోనూ ఏడాది నిలవలేదు.