గాజు అద్దాల కోసం నేను పట్టిన పంతం

నిన్న గరియాహాట్‌లో మా అమ్మాయికి కళ్లజోడు చేయించడానికి వెళ్లాను. "దీదీ, గాజు అద్దాలా, పాలీకార్బొనేటా?" అని అడిగాడు దుకాణదారు. గాజు మీద త్వరగా గీతలు పడవట, రెండోది గట్టి ప్లాస్టిక్, అంత తేలిగ్గా పగలదట. అమ్మాయి వెంటనే గాజే కావాలంది.

లిలువా రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లకు గుర్తుందా, మన బడిలో బంగారు రంగు ఫ్రేము పెట్టుకుంటే ఎంత గొప్పో? నాలుగో తరగతిలో నాకూ అదే కావాలనిపించింది, తళతళలాడే గాజు అద్దాలతో. వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసే నాన్న ఒప్పుకోలేదు.

"గాజొద్దమ్మా. పగిలితే కంటికి పెమాదం. ప్లాస్టిక్‌వి తీసుకో."

రెండు పూటలు అన్నం మానేశాను. నాన్న కొనిచ్చాడు.

నెల తిరక్కముందే ఆటలో బంతి తగిలి అద్దం పగిలింది. కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. కంటికేమీ కాలేదని డాక్టరు చెప్పాక నాన్న అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను తిట్టబోతే అడ్డుపడ్డాడు.

"దాన్నేటీ అనకు. కొన్నది నాను."

ఆ తర్వాత చాలా రోజులు నా మొహంలోకి సూటిగా చూడలేకపోయాడు.

నిన్న పాలీకార్బొనేట్‌కే ఆర్డరిచ్చి వచ్చాను. అప్పటినుంచి అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. ఏ పనిలోనూ మనసు నిలవడం లేదు. ఆర్డరు మార్చమందామని పొద్దుటినుంచి మూడుసార్లు ఫోను తీశాను. మూడుసార్లూ పెట్టేశాను.