వ్యాన్ కోసం మూడు నిమిషాలు

బడ్జెట్‌లో లోటు వచ్చిందని, అమెరికాలో మేముండే కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వం, వృద్ధులను ఆసుపత్రులకు తీసుకెళ్లే వ్యాన్ ఆపేస్తామంది. మావారు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లేది అందులోనే. ఇప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ కారు నడపలేం. దాని మీద మంగళవారం కౌంటీ సభలో జనం మాట్లాడొచ్చని, ఒక్కొక్కరికి మూడు నిమిషాలని అన్నారు. నేను రాసుకున్నది ఇంట్లో గడియారం పెట్టి చదివితే రెండు నిమిషాల యాభై సెకన్లు పట్టింది. తీరా అక్కడ, మన సభల అలవాటు కొద్దీ, వేదిక మీది ఏడుగురు సభ్యులకీ పేరుపేరునా, హోదాలతో సహా నమస్కరించాను. అది లెక్కలో వేసుకోలేదు. వ్యాన్ మాట ఎత్తేసరికే టైమైపోయిందని ఎర్రలైటు వెలిగింది.

తర్వాతి వంతు పక్కింటావిడది. "పెళ్లి పిలుపులు అయ్యాయా వదినా? ఇలా ఇవ్వండి" అంటూ నా కాగితం లాక్కుని, నమస్కారమైనా లేకుండా గబగబా చదివేసింది. ఏడుగురిలో ఇద్దరే తలెత్తారు. వ్యాన్ మీద ఓటింగ్ మరుసటి వారానికి వాయిదా వేశారు; అప్పటిదాకా వ్యాన్ వస్తుందన్నారు.

బుధవారం వ్యాన్ ఎనిమిదింటికి రావాలి. ఏడున్నర నుంచే కిటికీ దగ్గర నిలబడ్డాను.