లావణ్య మోకాలు, నేను దాచిన మాట

"నొప్పి ఎప్పటి నుంచి?" అని డాక్టర్ అడిగితే, "ఇప్పుడే సార్, వార్మప్ చేయకుండా ఎగిరింది" అన్నాను. అది అబద్ధం. మోకాలు నొస్తున్నదని లావణ్య వారం ముందే నాతో చెప్పింది.

నేను కామారెడ్డిలో ఒక మహిళా డిగ్రీ కాలేజీకి వాలీబాల్ కోచ్‌ని. అమ్మాయిలను వేళ్లకు సుద్ద పూసుకుని, ఎగిరి గోడను తాకమనేవాడిని. ఎవరి గుర్తు పైన పడితే వాళ్లే స్మాష్ కొట్టాలి. ఎల్లారెడ్డి నుంచి వచ్చే లావణ్యదే ఎప్పుడూ అందరికన్నా పైగుర్తు. దెబ్బ తగిలిన ఉదయం అది బెత్తెడు కిందికి పడింది.

"మోకాలు ఇయ్యాల గూడ గుంజుతున్నది సార్."

"టీంల ఉంటవా, ఇంటికి పోతవా?" అన్నాను.

మళ్లీ ఎగిరింది. దిగేటప్పుడు మోకాలు లోపలికి మడతపడింది.

ఎమ్మారై స్కాన్‌లో, మోకాలి ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగిందని తేలింది. హైదరాబాద్‌లో సర్జరీ చేశారు. బీడీలు చుట్టే వాళ్లమ్మ నా మాట నమ్మి, మంచం పక్కనే కూతుర్ని తిట్టింది. "సార్ చెప్పినట్టు ఇనకుంటే గిట్లనే అయితది." లావణ్య నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

నెల తిరిగేసరికి మోకాలు బిగుసుకుపోయింది. ఫిజియోథెరపిస్ట్ వంచుతుంటే దుప్పటి అంచు కొరికి పట్టేది. తొడ కండ సన్నబడిందని, అది తిరిగి వచ్చేదాకా ఎగరొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. అన్ని నెలలూ లావణ్య కోర్టు పక్కన కుర్చీలో కూర్చుని, కాసేపు గోడకు బంతి కొడుతూ, కాసేపు నెట్ దగ్గర చేతులెత్తి బంతిని అడ్డుకునే బ్లాకర్లను గమనించేది.

ఏడాది దాటాక మళ్లీ ఆడింది. గుర్తు ఇంకా రెండు వేళ్లు కిందే. కానీ ఆమె కొట్టిన బంతులు బ్లాకర్ల చేతుల సందులోంచి పోయి ఖాళీ చోటే పడుతున్నాయి. నేను విజిల్ ఊదడం మరిచి నిలబడిపోయాను. ఇన్నేళ్లూ ఎత్తు కొలిచాను. ఆ చూపును కొలవడం నాకెప్పుడూ తెలియలేదు.

ఎట్లా నేర్చుకున్నావని అడిగితే నవ్వింది. "పైకి ఎగరలేను గద సార్, అందుకే చూస్తున్న."

ఇప్పుడు జూనియర్లకు రెండు మోకాళ్లు వంచి మెత్తగా దిగడం తనే నేర్పుతోంది. తోటి కోచ్‌లకు, తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: పిల్ల ఎగిరే ఎత్తు ఉన్నట్టుండి తగ్గితే గద్దించకండి, ఆ రోజే ఆట ఆపి డాక్టర్‌కు చూపించండి.

పోయిన నెల ఎల్లారెడ్డి వెళ్లి వాళ్లమ్మ ముందు కూర్చున్నాను. "అక్కా, బిడ్డ తప్పేం లేదు. నొస్తున్నదంటే ఇనకుండ నేనే ఎగిరిపిచ్చిన. డాక్టర్ కాడ అబద్ధం చెప్పిన."

ఆమె చేతిలో బీడీ ఆకు అలాగే ఉండిపోయింది. "గన్ని తిట్లు తిట్టిన గద నా బిడ్డను" అంది.

లావణ్య గుమ్మంలో నిలబడి ఉంది. "తప్పు నాది బిడ్డా," అన్నాను. "నన్ను మన్నించు."