రుజువు అడిగిన పాపం

డెబ్బైల చివర్లో మాట. మద్రాసులో ఫిలాసఫీ ఎం.ఏ. చదువుతూ సెలవులకు కెలమంగలంలో మా పిన్నమ్మ ఇంటికి వెళ్లాను. రుజువు చేయలేని మాటకు అర్థమే లేదన్న ఒక ఇంగ్లండు తత్వవేత్త అప్పటికే నా తలకెక్కాడు; తలలోకి మాత్రం దిగలేదు. తత్వవేత్తలా కనబడాలని పైపు కాల్చడం కూడా నేర్చుకున్నాను.

ఆ ఏడు వానల్లేక పిన్నమ్మకు మిగిలింది పట్టుపురుగుల పంట ఒక్కటే. రెండు రోజుల్లో పురుగులు గూళ్లు కట్టాలి. పిన్నమ్మ నన్ను పురుగుల గది గుమ్మంలోనే ఆపింది.

“పొగాకు ముట్టిన చేత్తో ఈడికి రాకూడదప్పా. పురుగు సచ్చిపోతుంది.”

“రుజువేముంది పిన్నమ్మా?”

“మా అత్త చెప్పింది. సాలదా?”

నవ్వి, ఆమె పక్కకు వెళ్లగానే లోపలికి దూరి, పైపులో పొగాకు కూరిన చేత్తోనే అన్ని తట్టల్లోనూ మల్బరీ ఆకు వేశాను.

తెల్లారేసరికి పురుగులన్నీ పచ్చగా కక్కుకుని, మెలికలు తిరిగి చచ్చి ఉన్నాయి. వాటిని గుంతలో పోస్తూ ఏడ్చేశాను.

“నావల్లే పిన్నమ్మా.”

“రుజువు లేకుండా ఎట్ల చెప్పేదప్పా? గాలి సరిలేదేమో,” అంది, నా మొహం చూడకుండా.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నన్ను కాపాడడానికే అంది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్నేమో. క్షమించింది కాబట్టే, ఇన్నేళ్లయినా కెలమంగలం బస్సు ఎక్కలేకపోతున్నాను.