పొరుగింటి మేక, మెహాఫీ వారి డోలు

డ్రమ్‌గార్‌లో విల్బర్ట్ మెహాఫీ ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే సగం మంది తడుముకుంటారు. వేసవిలో చూస్తే పైన ఒక టోపీ, కింద రెండు బూట్లు, నడుమ బండి చక్రమంత లాంబెగ్ డోలు. మిగిలిన కాలమంతా ఆవుల వెనక ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుందామనుకున్న పిల్ల ఒకసారి అతను సాధన చేస్తుండగా ఇంటికి వచ్చి, చెవులు మూసుకుని, అటునుంచి అటే పోర్టడౌన్ వెళ్ళిపోయి, అక్కడొక గడియారాల దుకాణంవాణ్ణి చేసుకుందని అక్క డోరీన్ చెబుతుంది. విల్బర్ట్ కాదనడు. ఆ రోజు డోలు బాగా పలికిందని మాత్రం అంటాడు.

ఆ డోలు అతని తండ్రిది. పేరు ‘బాయిన్ సింహం’, కాథలిక్కుల మీద ప్రొటెస్టెంట్లు గెలిచిన పాత యుద్ధం గుర్తుగా. డ్రమ్‌గార్ డోళ్ళ పోటీలో వాయించేవాడి పేరు ఎవరికీ పట్టదు. డోలు పేరే పిలుస్తారు, గెలిస్తే ఆ పేరే ప్రొటెస్టెంట్ల హాలు గోడ మీద బంగారు రంగుతో రాస్తారు. తండ్రి బతికినన్నాళ్ళూ రెండో స్థానం దాటలేదు. రెండో స్థానానికి గోడ మీద చోటు లేదు. పోయే ముందు ఆయన పాస్టరు గారిని పక్కకు జరగమని, కొడుకును దగ్గరికి పిలిచి, "తోలు ఎండలో పెట్టకు" అన్నాడు. ఇప్పుడు విల్బర్ట్‌కే డెబ్బై దాటాయి. కుడి భుజం మాట వినడం మానేసింది. వచ్చే ఏడు ఆ బరువు మెడకు తగిలించుకోగలడన్న నమ్మకం లేదు. తండ్రి డోలు గోడ ఎక్కాలంటే ఈ ఏడే ఎక్కాలి.

ఈ ఏడు పోటీకి హంగు కూడా ఎక్కువ. వారసత్వ సంఘం అధ్యక్షుడు ట్రెవర్ కోప్‌లాండ్ గారు దాన్ని అల్‌స్టర్-స్కాట్స్ వారసత్వ దినంగా మార్చేశారు. ఆయన ట్రాక్టర్లు అమ్మి రిటైరయ్యాక ఒకరోజు హఠాత్తుగా తనకు పూర్వీకులున్నారని కనిపెట్టారు. అప్పటినుంచి ఊరికి నిద్ర లేదు. మగవాళ్ళందరికీ స్కాట్లండ్ పద్ధతిలో ఎర్రగళ్ళ పావడాలు తెప్పించారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మన తాతలు పల్లపు నేల రైతులు, పావడా ముఖమే ఎరగరని ఎవరో గొణిగితే, "కట్టుకోవాలని వాళ్ళకు మనసులో ఉండేది" అన్నారు. ఆ తర్వాత ముసలివాళ్ళ చుట్టూ తిరిగి, మరిచిపోయిన ఆచారాలన్నీ తవ్వి తీసి, చెక్క పలకల మీద చెక్కించి, హాలు నిండా తగిలించారు. పోటీ డోలుకు ఈ మట్టి మీద మేసిన మేకతోలే ఉండాలని ఒక పలక. తోలు ఇచ్చినవాడే డోలుకు పేరు పెట్టాలని ఇంకో పలక. ఇందులో అక్షరం మారదని ఆయన బల్ల గుద్ది మరీ చెప్పారు.

ఆ మార్చిలోనే సింహం తోలు నిలువునా చిట్లింది.

డోలుకు ముసలి ఆడమేక తోలు కావాలి. పలచగా ఉండాలి, కొవ్వు ఉండకూడదు. చుట్టుపక్కల అలాంటి మేక ఒక్కటే, ఫెలిక్స్ ట్రేనర్ పెంచుకునే ఫిలోమినా. విల్బర్ట్ పొలం చివరి కంచె దాటితే ఫెలిక్స్ పొలం. ఆ కంచే రెండు దేశాలకూ సరిహద్దు. కంచెకు ఇటు పౌండ్లు, అటు యూరోలు. ఇటు ప్రెస్బిటీరియన్ ప్రొటెస్టెంట్లు, అటు కాథలిక్కులు. ఫిలోమినా మాత్రం రెండు దేశాల గడ్డీ తినేది, ఏ దేశానికీ పన్ను కట్టేది కాదు.

విల్బర్ట్, ఫెలిక్స్ ఒక ఈడువాళ్ళు. దూడ అడ్డం తిరిగితే ఒకరినొకరు నిద్రలేపుకుంటారు. పని అయ్యాక డోరీన్ వంటింట్లో కూర్చుని టీ తాగుతారు. కానీ ఫెలిక్స్ ఏనాడూ హాలు గడప తొక్కలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

కొన్నేళ్ళుగా విల్బర్ట్ కంచె దగ్గరికి వచ్చి మేక క్షేమం అడుగుతూ ఉండేవాడు.

"ఎలా ఉంది ఫిలోమినా?"

"బాగానే ఉంది. నువ్వడిగావని చెబుతాలే."

"కాస్త చిక్కినట్టుంది."

"నీ చూపు తగిలే చిక్కిపోతోంది. అటు తిరుగు."

తోలు చిట్లిన కొన్నాళ్ళకు ఒక ఉదయం ఫెలిక్స్ టోపీ చేత్తో పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాడు.

"పోయింది" అన్నాడు. "నిన్న సాయంత్రం బాగానే మేసింది. పొద్దున చూస్తే ప్రాణం లేదు."

విల్బర్ట్‌కు నిజంగానే బాధ కలిగింది. దాంతోపాటే అరచేతులు దురద పెట్టాయి. రెండూ ఒకేసారి వచ్చినందుకు తనమీద తనకే సిగ్గేసింది. మేక మాట వదిలి తన భుజం నొప్పి ఎత్తుకున్నాడు. ఫెలిక్స్ తన తుంటి నొప్పి చెప్పాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు కాసేపు సాగింది.

"అడగవేం?" అన్నాడు చివరికి ఫెలిక్స్.

"ఏమని?"

"ఏమనా? ఇన్నేళ్ళూ పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా దాన్ని ఎగాదిగా చూశావు. తోలు తీసుకో. డబ్బు మాటెత్తితే కుక్కను వదులుతా. ఒకటే షరతు. తోలిచ్చినవాడే పేరు పెట్టాలని మీ కోప్‌లాండ్ పలక కొట్టించాడటగా?"

"కొట్టించాడు."

"అయితే దాని పేరే పెట్టు. నాకు పిల్లలా, పీచులా. అది పోయాక దాని పేరు పిలిచేవాడు ఒక్కడూ ఉండడు."

విల్బర్ట్‌కు హాలు గోడ గుర్తొచ్చింది. అయినా తల ఊపాడు.

డోరీన్ పెనం మీద సోడా రొట్టె తిప్పుతూ అంతా విన్నది.

"ఫిలోమినా. కాథలిక్కుల సెయింటమ్మ పేరు. మన హాలు గోడ మీద."

"గెలిస్తేనే కదా."

"నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"రానీ. దగ్గరుండి వింటాడు."

"నీకేం నాయనా, డోలు వెనక దాక్కుంటావు. నేను హాల్లో టీ పోస్తూ బల్ల దగ్గర ఊరందరి ముందూ నిలబడాలి."

తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టాడు. ఎండలో పెట్టలేదు. పేరును మాత్రం డోలు అంచున, పొట్టకు ఆనుకునే చోట, చిన్న అక్షరాలతో రాశాడు. మాట తప్పినట్టూ ఉండదు, ఎవరికంటా పడినట్టూ ఉండదు. మెహాఫీ వంశం తెలివి అంతవరకే.

పోటీ రోజున మైదానం నిండా పావడాలు, ఎర్రబడ్డ మోకాళ్ళు. డోళ్ళవాళ్ళు తాళ్ళు లాగి తోళ్ళు బిగించి గుండ్రంగా నిలబడి వాయించడం మొదలుపెట్టారు. విల్బర్ట్ బెత్తాలు ఎత్తగానే భుజంలో నిప్పు రాజుకుంది. ఆపలేదు. డోలు కంగుమంది. ఆ మోత కంచె దాటి, సరిహద్దు దాటి, ఫెలిక్స్ కొట్టం రేకుల మీద పడింది. బతికుండగా గొంతెత్తి ఎరగని మేక, చచ్చాక రెండు దేశాలకూ వినిపించింది. మణికట్టు దగ్గర చర్మం చీరుకుపోయి రక్తం వస్తున్నా విల్బర్ట్‌కు ఏడుపు వచ్చింది మాత్రం సంతోషంతోనే.

న్యాయనిర్ణేత ఆంట్రిమ్ నుంచి వచ్చిన పొడుగాటి మనిషి. తల వంచుకుని, మనుషుల వైపు చూడకుండా, ఒక్కో డోలు దగ్గరా చెవి పెట్టి తిరిగాడు. రెండోసారి విల్బర్ట్ దగ్గరికే వచ్చి ఆగి, చెయ్యెత్తి అందరినీ ఆపించాడు.

"ఇదే. పేరేంటి?"

"బాయిన్ సింహం అని చెప్పండి" అన్నారు పక్కనుంచి కోప్‌లాండ్ గారు. మేకతోలు సంగతి ఊళ్ళో తెలియనివాడు లేడు. తెలుసని అన్నవాడూ లేడు.

విల్బర్ట్ డోలు మీదుగా తల ఎత్తి చూశాడు. గేటు బయట, రోడ్డు మీద, టోపీ చేత్తో పట్టుకుని ఫెలిక్స్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"ఫిలోమినా" అన్నాడు విల్బర్ట్.

న్యాయనిర్ణేత మైకులో అదే పేరు చెప్పాడు. మైదానంలో జనం పావడాలు సర్దుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తన పలకను తాను కాదనలేక, ఆ పేరును మింగలేక కక్కలేక కోప్‌లాండ్ గారి మెడ పావడా రంగుకు తిరిగింది. కానీ ట్రాక్టర్లు అమ్మిన నోరది. వెంటనే మైకు లాక్కున్నారు.

"ఫిలోమినా మెహాఫీ! మన విల్బర్ట్ గారి నానమ్మ. ఈ గడ్డ మీద మన ఆచారాలు నిలబెట్టిన మహా ఇల్లాలు."

జనం హాయిగా ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. విల్బర్ట్ నోరు తెరిచేలోపు ఎవరో అతని చేతిలో కప్పు పెట్టి ఫొటో తీశారు.

సెప్టెంబరులో హాలు గోడ మీద పేరు ఆవిష్కరణ. బెల్‌ఫాస్ట్ నుంచి అతిథులు వచ్చారు. విల్బర్ట్ ముందు రోజు కంచె దగ్గరికి వెళ్ళి, "రా" అన్నాడు. ఫెలిక్స్ సూటు వేసుకుని వచ్చాడు. గడప దగ్గర కాళ్ళు రెండుసార్లు తుడుచుకున్నాడు.

గోడ మీద బంగారు అక్షరాలతో ఫిలోమినా. దాని కింద, విల్బర్ట్ కూడా అప్పుడే చూడటం, నల్లకోటు వేసుకున్న నానమ్మ ఇసబెల్లా ఫొటో. అది చర్చి ఆల్బంలోంచి కోప్‌లాండ్ గారు తీయించిందట. అతిథులు తలలు వంచి నమస్కరిస్తున్నారు.

ఫెలిక్స్ ఫొటో దగ్గరికి వెళ్ళి చూశాడు.

"గడ్డం మాత్రం అచ్చంగా అదే" అన్నాడు.

విల్బర్ట్ తల వంచుకున్నాడు. "నాకు తెలియదు ఫెలిక్స్. ఒట్టు."

"పోనీలే. నా మేకకు మీ హాల్లో నానమ్మ హోదా దొరికింది. నాకు డెబ్బై ఏళ్ళలో ఇక్కడ గుక్కెడు టీ కూడా దొరకలేదు." నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

అప్పుడే కోప్‌లాండ్ గారు అతిథులతో వచ్చారు. "విల్బర్ట్ గారూ, మీ నానమ్మ గురించి రెండు ముక్కలు చెప్పండి."

విల్బర్ట్ నొప్పి భుజాన్నే పైకెత్తి, మేకు నుంచి ఫొటో తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఈవిడ ఇసబెల్లా. డోలు చప్పుడంటే ఈవిడకు పడేది కాదు. ఫిలోమినా ఈయన మేక. తోలు ఈయనే ఇచ్చాడు, పేరు ఈయనే పెట్టాడు. మీ పలక మీద ఉన్నట్టే."

హాల్లో ఎవరూ కప్పు కింద పెట్టలేదు, పైకెత్తలేదు. కోప్‌లాండ్ గారు తన పలక వైపు చూశారు. అక్షరం మారలేదు.

టీ బల్ల దగ్గర డోరీన్ పెద్ద కెటిల్ ఎత్తింది. ఒక కప్పు నింపి, అడగకుండానే మూడు చెంచాల పంచదార వేసి, కలిపి, ఊరందరి ముందూ నడిచి వచ్చి ఫెలిక్స్ చేతికి ఇచ్చింది.