పెదనాన్న ఉత్తరాలకి రెండో కలం

మా పెదనాన్న పోయారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి పడక్కుర్చీలో నడుం వాల్చినవారు మళ్ళీ లేవలేదు. చోడవరంలో ఆయన దగ్గర చరిత్ర పాఠాలు వినని ఇల్లు తక్కువ, అందుకని నేను చెప్పక్కర్లేకుండానే ఊరంతా తెలిసింది. ఖరగ్‌పూర్‌లో ఉన్న అక్కకి మాత్రం టెలిగ్రాం ఇచ్చాం.

అక్క ఆయన సొంత కూతురు. నేను తమ్ముడి కూతుర్ని. అమ్మా నాన్నా పోతే నన్ను తెచ్చుకుని పెంచారు. పండక్కి ఇద్దరికీ ఒకే తానులోంచి పరికిణీలు కుట్టించిన మనిషి, ఏ లోటూ చెయ్యలేదు. అయినా నాకు అక్కంటే కుళ్ళు. ఇప్పుడు దాచి లాభం లేదు. పెళ్ళయి రైల్వే క్వార్టర్స్‌కి వెళ్ళిపోయాక తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది, ఎందుకంటే ఉత్తరాలు మొదలయ్యాయి.

అంతకుముందే పెదనాన్న విశాఖపట్నం నుంచి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నారు. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో దాన్ని ఏలిన పెద్దమనిషి ఒకాయన తన కూతుళ్ళకి రాసిన ఉత్తరాలు. మా పెద్దమ్మ పోయినట్టే ఆయనకీ భార్య పోయిందట. రాసిన ప్రతిదానికీ నకలు ఉంచుకోడానికి రెండు కలాల మిషను ఉండేదట. ఒక కలం రాస్తుంటే రెండోది పక్క కాగితం మీద అదే రాసేదట.

"అంత దేశాన్ని ఏలినోడికీ కూతురు జవాబు రాయకపోతే అన్నం సయించలేదే గుంటా," అనేవారు. "మనకి మిషనెక్కడిది? రెండో కలం నువ్వే."

ఆయన రాత కోడి కెలికినట్టుండేది. నల్లబల్ల మీద ఏం రాశారో పిల్లలు ఆయన్నే అడిగేవారు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్న ఆయన రాసినదాన్ని నేను గుండ్రంగా తిరగరాసేదాన్ని. "నీతులొద్దు, ఇంటి కబుర్లు సాలు," అని గేదె ఈనిందనీ, బుచ్చయ్యపేటలో బెల్లం వంట మొదలెట్టారనీ రాసేవారు. నా రాత పోస్టుకి వెళ్ళేది, ఆయన రాత ఇంట్లో నా దగ్గర కట్టలో ఉండేది. ఆ అమెరికా ఆయన పద్ధతికి ఇది తలకిందులని మా ఇద్దరికీ తట్టలేదు. నేనివాళ బడిపంతులమ్మనయ్యానంటే ఆ ఆదివారాల చలవే.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "పెదనాన్నా, నాకెప్పుడు రాస్తారు?"

"ఎదురుగా ఉన్నదానికి ఉత్తరమేటే, పిచ్చిదానా!" అని నవ్వేశారు.

ఆ ఆదివారం ఉత్తరం చివర, 'నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందమ్మా' అని ఉంది. ఆ ఇంట్లో నేనున్నాను. ఆ పొద్దున్న కాఫీ ఇచ్చింది నేను. ఒళ్ళు మండిపోయింది. ఆ వాక్యం ఎక్కించకుండా కవరు అంటించేశాను.

అక్క మూడో రోజుకి వచ్చింది. కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, నా పక్కన కూర్చుని అంది. "ఇన్నేళ్ళూ నీ రాతే సదివేనే. నాన్న చేతిది ఒక్క కాయితం నా దగ్గర లేదు. రోజూ ఆయన్ని సూసేవు, ఆయన రాతా నీకే మిగిలింది. నీ అదృష్టం సూసి ఎంత ఏడిసేనో నీకేటి తెలుసు? ఒక్కటియ్యి."

నా అదృష్టం! కట్ట తెచ్చి విప్పాను. చేతికందింది ఏదో ఒకటి ఇచ్చేస్తే సరిపోయేది. నేను మాత్రం ఆ ఆదివారందాన్నే వెతికి తీశాను.

అక్క అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకొక్క అక్షరం తెలవట్లేదు. నువ్వే సదువు."

చదివాను. చివరి వాక్యం కూడా చదివాను.

"ఈ ముక్క నాకు రాలేదే," అంది అక్క. "ఆయన ఉత్తరాలన్నీ నాకు నోటికొచ్చు."

"రాలేదు. నేనే ఎక్కించలేదు."

తిడుతుందనుకున్నాను. కాగితం నా ముందుకి జరిపి, ఆ ముక్క ఎక్కడుందో చూపించమంది. ఆవిడ వేలు పట్టుకుని ఆ గీతల మీద పెట్టాను. వీధిలో చెరకు బళ్ళు పోతున్నాయి. అక్క అక్కణ్ణించి వేలు తియ్యలేదు.